అనుమతి ఇచ్చేదీ వాళ్లే, కూల్చేదీ వాళ్లే: స్వేచ్ఛావాదుల విమర్శలో పస ఎంత?

కూకట్‌పల్లి కరణం:

హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలను కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా మీద ఈ వేదికలో ఇదివరకు నడిచిన చర్చలన్నీ ఏ పార్టీ హయాంలో ఎన్ని చెరువులు మాయమయ్యాయన్న లెక్కల దగ్గరే ఆగిపోయాయి. ఈసారి ఆ లెక్క పక్కన పెట్టి, దాని కింద ఉన్న ప్రశ్నను చూద్దాం.

చెరువు పక్కన ఒక కుటుంబం ఫ్లాటు కొంటుంది. నిర్మాణానికి అనుమతి ఇచ్చింది ఒక ప్రభుత్వ సంస్థ. రిజిస్ట్రేషన్ శాఖ స్టాంపు డ్యూటీ కట్టించుకుంది. ఆస్తి పన్ను వసూలైంది, కరెంటు మీటరు వచ్చింది, నల్లా వచ్చింది. ఈ కాగితాలన్నీ చూసే బ్యాంకు అప్పిచ్చింది. కొన్నేళ్లకు మరో ప్రభుత్వ సంస్థ వచ్చి, ఇది చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో ఉంది కాబట్టి పడగొడతాం అంటుంది. నష్టం మొత్తం కొన్నవాడిది. రుసుములు తీసుకున్న కార్యాలయాల్లో ఒక్కటైనా ఒక్క రూపాయి వెనక్కి ఇస్తుందా?

లిబర్టేరియన్లు, అంటే ప్రభుత్వ జోక్యం వీలైనంత తగ్గాలనే స్వేచ్ఛావాదులు, ఎప్పటి నుంచో పట్టుకున్న పాయింటు ఇదే. అధికారం ఒకరిది, నష్టం వేరొకరిది. ఆర్థికవేత్త హయెక్ 1945లో రాసిన ఒక వ్యాసంలో ఇంకో మాట కూడా చెప్పాడు: నిర్ణయాలకు కావలసిన సమాచారం ఎప్పుడూ ఒక్కచోట పోగుపడి ఉండదు, లక్షల మంది దగ్గర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మన చెరువులే చూడండి. వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ ఊరి నీరటికి తెలుసు. మాస్టర్ ప్లాను గీసినవాడికి తెలియదు.

ఈ విమర్శ మన నగరంలో ఎక్కడిదాకా నిలుస్తుంది, ఎక్కడ తేలిపోతుంది? ఉదాహరణలతో రాయండి. సిద్ధాంత ప్రవచనాలు వద్దు.

తక్కువ సర్కారు:

నా పేరు చూస్తేనే నేను ఎటువైపో తెలిసిపోతుంది, కాబట్టి ఉపోద్ఘాతం అక్కర్లేదు.

అనుమతి అనేది సరుకు. అమ్మే దుకాణం ఒక్కటే. కాబట్టి దాని ముందు క్యూ, క్యూలో ముందుకు జరగడానికి ఒక ధర. ఇది మన అధికారుల గుణగణాల సమస్య కాదు. దేవుణ్ణి తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టినా కొన్నాళ్లకు మధ్యవర్తులు పుట్టుకొస్తారు. 1974లో ఆన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త ఈ జబ్బుకు లెక్క కట్టడానికి ఎంచుకున్న దేశాల్లో మనదీ ఒకటి. దిగుమతి లైసెన్సుల లాంటి ఆంక్షల వల్ల పుట్టే అప్పనపు లాభాలు 1964లో మన జాతీయాదాయంలో 7 శాతానికి పైనే అని ఆమె అంచనా. జనం తెలివీ శ్రమా సరుకు తయారుచేయడం మీద కాకుండా ఆ లాభం కోసం కాగితం వెంట పడటం మీద ఖర్చవుతాయన్నది అసలు వాదన.

ముందే చెప్పినవాళ్లు లేక కాదు. 1955లో రెండో పంచవర్ష ప్రణాళికకు ఆర్థికవేత్తల బృందం మొత్తం తల ఊపితే బి.ఆర్. షెనాయ్ ఒక్కడే నియంత్రణలు వద్దంటూ అసమ్మతి పత్రం రాశాడు. 36 ఏళ్లు పట్టింది ఆ మాట ఢిల్లీ చెవికెక్కడానికి. 1991 జులై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చి, 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు పద్ధతి పోయింది. అప్పుడు పరిశ్రమల శాఖ కూడా ప్రధాని పీవీ దగ్గరే ఉంది. మన వంగర మనిషి చేసిన అతి పెద్ద పని ఒక పథకం పెట్టడం కాదు, ఒక కౌంటరు మూసేయడం.

బాలానగర్ పెద్దాయన:

తమ్ముడూ, నువ్వు మూసిన కౌంటర్ల గురించి చెప్పావు. తెరిచిన గేట్ల గురించి నేను చెబుతాను.

నేను ఐడీపీఎల్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన మందుల సంస్థ, సోవియట్ సాయంతో బాలానగర్‌లో వచ్చిన ఫ్యాక్టరీ. ఈ రోజు హైదరాబాద్‌ను మందుల రాజధాని అంటున్నారు కదా, ఆ విద్య నేర్పిన బడి అది. డాక్టర్ అంజిరెడ్డి అక్కడ పనిచేసి బయటికి వెళ్లినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన ఒక్కరే కాదు, జీడిమెట్లలో, బొల్లారంలో రియాక్టరు పెట్టిన చాలామంది మొదటి జీతం ఐడీపీఎల్‌దే. 1970 పేటెంట్ చట్టం రాకపోతే, అంటే మందుకు కాదు, తయారీ పద్ధతికే పేటెంటు అని ప్రభుత్వం జోక్యం చేసుకోకపోతే, ఈ కంపెనీలు ఏం అమ్మేవి? సబ్బులా?

మార్కెట్టే అన్నీ చేస్తుందంటావు. ఇరవై ఏళ్ల తర్వాత లాభం వచ్చే చదువుకు 1961లో ఏ సేటు పెట్టుబడి పెట్టేవాడో చెప్పు.

తక్కువ సర్కారు:

పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే రెండు మాటలు.

మొదటిది, పేటెంటు అంటే ఏమిటి? ప్రభుత్వం రాసిచ్చే గుత్తాధిపత్యం. ‘ఈ మందు ఇన్నేళ్లు ఇంకెవరూ చేయకూడదు, చేస్తే పోలీసులు వస్తారు’ అనే పట్టా. మాలో చాలామంది దాన్ని ఆస్తిహక్కుగా ఒప్పుకోరు. 1970 చట్టం ఆ పట్టాను కుదించింది. అంటే జోక్యం తగ్గింది. తగ్గితే ఏమైందో మీరే చక్కగా వర్ణించారు. 2005లో ఉత్పత్తి పేటెంటు మళ్లీ వచ్చింది, అది జోక్యం పెరగడం.

రెండోది, ఐడీపీఎల్ నేర్పింది, ఒప్పుకుంటాను. కానీ నేర్చుకున్నవాళ్లు బయటికి ఎందుకు వచ్చేశారు? 1992లో సంస్థను ఖాయిలా పరిశ్రమగా ఎందుకు ప్రకటించారు? అదే మనుషులు, అదే రసాయనశాస్త్రం. మారింది యజమాని ఒక్కడే.

గోడమీద పిల్లి:

పేటెంటు చట్టాన్ని ఇద్దరూ తమ జట్టులోనే ఆడించారు. ఇంతకంటే మంచి ఆల్‌రౌండర్ దొరకడు.

బాలానగర్ పెద్దాయన:

ఖాయిలా ఎందుకైందో నాకు తెలుసులే. మందుల ధరలు మాత్రం ప్రభుత్వం కిందికి నొక్కి, ఖర్చులు మాత్రం పైకి వదిలేసింది. అది నీ వాదనకే పనికొస్తుందని తెలిసే చెబుతున్నాను, వాడుకో.

పటాన్‌చెరు పడమర:

మీరిద్దరూ ఫ్యాక్టరీ లోపలి కథ చెప్పుకుంటున్నారు. నేను కాంపౌండు గోడ బయట పెరిగాను.

మా వైపు నక్కవాగు ఉంది. చివరికి మంజీరలో కలుస్తుంది. మా తాత ఆ వాగు నీళ్లతో వరి పండించాడు. మా నాన్న నాటికి వాగు రోజుకో రంగులో పారింది. బావిలో నీళ్లు తోడితే నురగ. పశువులు ఆ నీళ్లు తాగవు, అలవాటు పడిన గేదెకు ఈత నిలవదు. ఇప్పుడు స్వేచ్ఛావాదులను అడుగుతున్నాను: ఇక్కడ స్వేచ్ఛ ఎవరిది? కంపెనీ తన స్థలంలో తన పెట్టుబడితో తన మందు తయారుచేసుకుంది. బలవంతం ఎక్కడా లేదు. కొన్నవాడు ఇష్టపడే కొన్నాడు. ఇద్దరికీ లాభమే. నష్టం ఆ బేరంలో లేని మూడోవాడికి. ఆ మూడోవాడి కోసమే కదా కాలుష్య నియంత్రణ మండలి ఉండాల్సింది? మండలి తగ్గాలా, పెరగాలా?

తక్కువ సర్కారు:

ఇది మా వాదనకు అసలైన పరీక్ష, కాబట్టి తప్పించుకోకుండా జవాబు రాస్తాను.

పటాన్‌చెరులో ఆ పరిశ్రమలు తమంతట తాము వచ్చి పడలేదు. మెదక్‌ను వెనుకబడిన జిల్లాగా గుర్తించి, ప్రభుత్వ సంస్థే భూమి సేకరించి, ప్లాట్లు వేసి, రాయితీలిచ్చి పిలిచింది. అంటే విషం ఎక్కడ పారాలో నిర్ణయించింది మార్కెట్టు కాదు. ఇక మండలి. అది ఫ్యాక్టరీకి ఇచ్చే అనుమతి పత్రానికి అర్థం ఏమిటి? ‘ఇంతవరకు వదలవచ్చు’ అని. మీ తాత పొలంలోకి నా చెత్త తెచ్చి పోస్తే అది అతిక్రమణ, దావా వేసి పరిహారం రాబట్టవచ్చు. అదే చెత్తను పైపు ద్వారా, మండలి సంతకంతో పంపితే అది ‘పరిమితుల లోపల ఉన్న వ్యర్థజలం’ అయిపోతుంది. ఆ కాగితం మీ తాతను కాపాడలేదు, కంపెనీని కాపాడింది. మేం కోరేది పొలం హక్కు బలంగా ఉండాలని, ఆ హక్కు పట్టుకుని రైతు నేరుగా కోర్టుకు వెళ్లగలగాలని.

పటాన్‌చెరు పడమర:

వెళ్లాం సార్. 1990లో సుప్రీంకోర్టులో పిటిషను పడింది. అక్కడి నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. పాతికేళ్లకు పైనే. మధ్యలో రైతులకు కొంత పరిహారం ఇప్పించారు, కాదనను. ఇన్ని ఫ్యాక్టరీలలో ఏ చుక్క ఎవరిదో రైతు నిరూపించాలి. ప్రయోగశాలకు డబ్బు ఎవరిస్తారు? మీరు చెప్పే కోర్టు మా ఊళ్లో లేదు. ఆ కోర్టు వచ్చేదాకా పనికిమాలిన మండలి అయినా ఉండనివ్వండి.

మొయినాబాద్ మట్టి:

మా కథ దీనికి తలకిందులు. పటాన్‌చెరు వాళ్లకు ఫ్యాక్టరీ వచ్చి నష్టం. మాకు ఏదీ రాకూడదని ఆపి నష్టం.

1996లో జీవో 111 వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు. పరిశ్రమ పెట్టకూడదు, పెద్ద హోటలు కట్టకూడదు, లేఅవుట్లలో స్థలం చాలావరకు ఖాళీగా వదలాలి. ఎందుకయ్యా అంటే నగరం తాగే నీళ్లు కలుషితం కాకూడదు. మంచిదే. కానీ నగరానికి నీళ్లు, మాకు ఆంక్షలు. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, నీళ్లు తాగినవాళ్ల బిల్లులో మా ఎకరాల ఖరీదు ఒక్క పైసా అయినా ఉందా? కోకాపేట ఎకరం ధర ఎక్కడికో వెళ్లిపోతుంటే, ఆ పక్కనే మేం పిల్ల పెళ్లికి ఎకరం అమ్మబోతే అడిగినవాడు లేడు. చివరికి అమ్మింది ఎవరికి? జీవో ఎత్తేస్తారని లోపలి కబురు తెలిసిన పెద్దలకు. 2022లో ఎత్తేస్తున్నామన్నారు. అప్పటికి మా ఊళ్లలో భూమి చాలావరకు మావాళ్ల చేతుల్లో లేదు.

తక్కువ సర్కారు గారి పుస్తకంలో దీనికేమైనా ఉందా?

తక్కువ సర్కారు:

ఉంది, ఒక్క వాక్యం: ప్రజల కోసం ఒకడి ఆస్తి విలువ తగ్గిస్తే ఆ ప్రజలే చెల్లించాలి. నగరానికి ఆ పరీవాహక ప్రాంతం కావాలి కాబట్టి ఏటా ఎకరానికి ఇంత అని నీటి బిల్లులో కలిపి మీకు ఇవ్వాల్సింది. ఉచితంగా దొరికే ఆంక్షను ప్రభుత్వం అవసరానికి మించి వాడుతుంది. డబ్బు కట్టాల్సి వస్తే పది కిలోమీటర్లు నిజంగా కావాలా, నాలుగు చాలా అని లెక్క వేసుకునేది.

కూకట్‌పల్లి కరణం:

ఇది నాకు నచ్చింది. కానీ ఆ జలాశయాలు అసలు ఎలా వచ్చాయో కూడా చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను పట్టుకోవాలని ఆయన సలహా. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అఫ్జల్‌గంజ్ వ్యాపారులంతా చందాలు వేసుకుని ఇరవై కిలోమీటర్ల ఎగువన ఆనకట్ట కట్టేవారా? చందా ఇవ్వనివాడి దుకాణాన్ని ఒక్కదాన్నే ముంచమని వరదకు చెప్పలేం కదా. కాబట్టి ఎవడూ ఇవ్వడు. జోక్యం అనే మాట ఒకటే అయినా ఆనకట్ట కట్టడం వేరు, దుకాణానికి లైసెన్సు ఇవ్వడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టినప్పుడల్లా మీవాళ్ల వాదన పలచబడుతుంది.

ఓరుగల్లు ఆడపడుచు:

పొలాలూ ఫ్యాక్టరీలే కాదు, అప్పుల మాటా రావాలి. 2010లో నేను మహిళా సంఘాల సమాఖ్యలో లెక్కలు రాసేదాన్ని. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాను.

ఆ ఏడాది ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒక పెద్ద సూక్ష్మరుణ సంస్థ షేర్లు స్టాక్ మార్కెట్‌కు వెళ్లాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్లు కూడదు, నెలకోసారే. ఇళ్ల మీదికి పోకూడదు, పంచాయతీ కార్యాలయం దగ్గరే కట్టించుకోవాలి. వడ్డీ అసలును మించకూడదు. ఎందుకు తెచ్చారో నాకు బాగా తెలుసు. ఒకే ఇంట్లో నాలుగు కంపెనీల అప్పు, ఒకదానికి కట్టడానికి ఇంకొకటి. వాయిదా రోజున ఒక మనిషి కట్టకపోతే మిగతావాళ్లంతా ఆమె గుమ్మంలో కూర్చోవడం. ఆత్మహత్యలు జరిగాయి. స్వచ్ఛందంగా సంతకం పెట్టింది కదా అని ఎవరైనా నాతో అంటే నేను వాళ్లతో మాట్లాడను.

అయితే తర్వాతి భాగం కూడా చెప్పాలి. చట్టం వచ్చాక ఊళ్లకు ఊళ్లు కట్టడం మానేశాయి. కంపెనీలు కొత్త అప్పులు ఆపేశాయి. అవసరం మాత్రం ఆగలేదు. కాన్పుకు, కూలీ లేని నెలకు, బర్రె కొనడానికి డబ్బు కావాలి. పావలా వడ్డీ సంఘం అప్పు మంచిదే, కానీ అది వచ్చే రోజుకు వస్తుంది, మనకు కావలసిన రోజుకు రాదు. అప్పుడు తలుపు తట్టినవాడు పాత వడ్డీవ్యాపారి. వాడికి రిజిస్ట్రేషనూ లేదు, పంచాయతీ కార్యాలయమూ లేదు. ఇంకో సంగతి, సంఘాల ద్వారా అప్పులిప్పించేది ప్రభుత్వమే. అంటే పోటీదారే రెఫరీ అయ్యాడు. రిజర్వు బ్యాంకు పరిధిలో ఉన్న సంస్థలకు ఈ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు తేల్చింది 2023లో.

మేలు చేసిందా, కీడు చేసిందా అని అడిగితే ఆ రెండేళ్లలో ఎవరి ఇంట్లో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది నా జవాబు.

గోడమీద పిల్లి:

పైన రాసింది రెండుసార్లు చదివాను. ఈసారి చమత్కారం రాలేదు.

మీటరు వేయని ఆటో:

నగరంలో కొత్త ఆటో పర్మిట్లు 2000ల ఆరంభంలో ఆపేశారు. కారణం కాలుష్యం అన్నారు. ఆటోలు అవసరం లేకుండా పోయాయా? లేదు. పాత పర్మిటు బంగారమైంది. పేరు ఒకడిది, బండి ఫైనాన్షియర్‌ది, నడిపేది మూడోవాడు. డ్రైవరు రోజంతా తిరిగి సాయంత్రానికి కిరాయి కట్టాలి. ఆటో ధర కంటే ఆ కాగితం ధరే గుండె ఆగేలా ఉండేది. మీటరు మీద రామంటాం అని మమ్మల్ని తిడతారు కదా, ఆ కాగితం ఖరీదు మీ చార్జీలోనే ఉంది.

అయితే యాప్‌లు వచ్చాక స్వేచ్ఛ వచ్చిందనుకునేరు. బేరం చేసే హక్కు పోయింది, కమిషను పెరిగింది. 2023 డిసెంబరు నుంచి మహిళలకు బస్సు ఉచితం, దగ్గర దూరాల గిరాకీ అక్కడే పోయింది. మా ఇంట్లో ఆడవాళ్లు ఆ బస్సే ఎక్కుతారు, అది వేరే విషయం.

పర్యవేక్షకులు:

ఉచిత బస్సు మీద వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తొలగించాం. దానికి ప్రత్యేక చర్చ ఉంది. ఆడవాళ్ల చేతి సంచుల బరువు గురించి ఇక్కడ అక్కర్లేదు.

సెట్‌బ్యాక్:

భవనాల నక్షాలు గీసే వృత్తి నాది. జోక్యం తగ్గిస్తే ఏమవుతుందో చూడటానికి వేరే దేశం వెళ్లనక్కర్లేదు, మాదాపూర్ చాలు. ముంబై దీవి నగరంలో చాలా ఏళ్లు అన్ని అంతస్తులూ కలిపి స్థలానికి 1.33 రెట్లకు మించి కట్టనివ్వలేదు. మన దగ్గర 2006లో ఆ పరిమితే తీసేశారు. రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, ఎత్తును బట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంతే. ఇక్కడ మామూలు ఉద్యోగి కూడా ఫ్లాటు కొనగలిగాడంటే అది ఒక పెద్ద కారణం. తక్కువ సర్కారు గారు సంతోషించవచ్చు.

కానీ నానక్‌రామ్‌గూడలో ఆకాశాన్నంటే టవర్లకు నీళ్లు ట్యాంకర్లలో వస్తాయి, మురుగు ఎక్కడికి పోతుందో అడగకూడదు. అంతస్తులు పెంచుకునే హక్కు బిల్డరుకు ఇచ్చారు. పైపులు వేసే బాధ్యత ఎవరికీ ఇవ్వలేదు. ప్రభుత్వం తప్పుకోవాల్సిన చోట ఉంది, ఉండాల్సిన చోట లేదు. నా వృత్తిలో రోజూ చూసేది అదే.

బాలానగర్ పెద్దాయన:

మధ్యలో ఒక పాత సంగతి. ఈ వాదనంతా అమెరికా నుంచి దిగుమతి అనుకుంటున్నారు కుర్రాళ్లు. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెడితే మొదటి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారు. సహకార వ్యవసాయం పేరుతో రైతు భూమి కలిపేస్తారన్న భయంతో పుట్టిన పార్టీ. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచింది. రైతు పేరు చెప్పుకున్నారు కానీ వేదిక మీద రాజాలూ జమీందార్లే ఎక్కువ కనిపించేవారు. తర్వాత రంగా గారే మళ్లీ కాంగ్రెస్‌లోకి వెళ్లారు. ఇప్పటి మీ వాదనను కూడా ఎవరు భుజాన వేసుకుంటున్నారో ఒక్కసారి చూసుకోండి.

నల్లకుంట వకీలు:

కరణం గారి మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. అనుమతి ఇచ్చిన వాళ్లకు బాధ్యత ఎందుకు లేదు?

చట్టం అలా రాసి ఉంది కాబట్టి. మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే పత్రం నమోదు, హక్కుకు పూచీ కాదు. 1908 నాటి చట్టం. సబ్ రిజిస్ట్రార్ మీ దగ్గర స్టాంపు డ్యూటీ తీసుకుంటాడు, అమ్మినవాడికి ఆ స్థలం మీద హక్కు ఉందో లేదో తేల్చడు. ఆస్తి ప్రాథమిక హక్కుగా 44వ సవరణతో 1978లో పోయింది. 300ఎ అధికరణం మిగిలింది, చట్టప్రకారం తప్ప ఆస్తి లాక్కోకూడదని. ఇక చెరువులకు వస్తే, పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. ఎక్కడి నుంచి కొలవాలి? పూర్తి నీటిమట్టం గీత నుంచి. చాలా చెరువులకు ఆ గీత తుది నోటిఫికేషనే ఏళ్ల తరబడి రాలేదు. గీత గీయకుండా అనుమతులిచ్చారు, గీత దాటావని కూల్చారు. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్‌లో ఆదివారం పూట చేసిన కూల్చివేత మీద హైకోర్టు నిలదీసింది కూడా.

మరి ప్రభుత్వాన్నే హక్కుకు పూచీ ఇమ్మందామా? పక్క రాష్ట్రం ఆ ప్రయత్నం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో భూహక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. తమ భూమి ఎవరిదో ఒక అధికారి తేలుస్తాడని జనం ఎంత బెదిరారంటే అది ఎన్నికల అంశమైంది, 2024లో రద్దయింది. పూచీ లేదని ఏడుస్తాం, పూచీ ఇస్తామంటే వణుకుతాం. ఆ వణుకులో తక్కువ సర్కారు గారి సిద్ధాంతం మొత్తం ఉంది.

మధ్యేమార్గం ఒకటి ఇప్పటికే చట్టంలో ఉంది. 2016 రెరా చట్టం, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, ప్రకారం స్థలం హక్కులో లోపం ఉంటే బిల్డరు కొనుగోలుదారుకు పరిహారం ఇవ్వాలి, దానికి కాలపరిమితి లేదు. అదే చట్టం 16వ సెక్షనులో హక్కుకు బీమా తీసుకోవాలని ఉంది. కానీ రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అది తప్పనిసరి. బీమా కంపెనీ తన డబ్బు పోతుంది కాబట్టి చెరువు గీత ఎక్కడుందో అనుమతి గుమాస్తా కంటే శ్రద్ధగా వెతుకుతుంది.

తక్కువ సర్కారు:

చూశారా. కాపలా కాయడానికి సొంత డబ్బు పెట్టేవాడు కావాలి. అదే నేను అంటున్నది.

పటాన్‌చెరు పడమర:

ఆ బీమా తప్పనిసరి చేయడానికి మళ్లీ ప్రభుత్వ నోటిఫికేషనే కావాలి. అదే నేను అంటున్నది.

కూకట్‌పల్లి కరణం:

బీమా కొన్నవాడిని కాపాడుతుంది. అనుమతి ఇచ్చిన సంతకానికి శిక్ష ఏది? పరిహారం ప్రభుత్వం ఇస్తే అదీ మన పన్నుల్లోంచే.

నల్లకుంట వకీలు:

అధికారి జేబుకు చిల్లు పెట్టే నమూనా ఒకటి మన దగ్గరే ఉంది. పరిశ్రమల అనుమతుల కోసం 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్‌లో, గడువు దాటితే జాప్యం చేసిన అధికారికి రోజుకు 1,000 రూపాయల జరిమానా అన్నారు. ఆలస్యానికి వేసినప్పుడు తప్పుడు అనుమతికి ఎందుకు వేయకూడదు?

మీటరు వేయని ఆటో:

ఆ జరిమానా ఇప్పటిదాకా ఎవరైనా కట్టారా సార్?

నల్లకుంట వకీలు:

నేను చూడలేదు.

మొయినాబాద్ మట్టి:

సమాచార హక్కు కింద అడిగితే పోయేది పది రూపాయలే. సోమవారం లక్డీకాపూల్ వైపు పని ఉంది, దరఖాస్తు నేను వేస్తాను. ప్రశ్నలు ఎలా రాయాలో వకీలు గారు ఇక్కడే రాసిపెట్టండి. ‘వివరాలు అందుబాటులో లేవు’ అని తప్పించుకోవడానికి వీల్లేకుండా.